లాల్‌బాగ్ రాయి వెనుక సముద్రపు అడుగు

బెంగళూరు లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం నిలబడ్డ గుట్ట వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. మారతహళ్లి, బీటీఎం వైపు నుంచి ఆదివారం వచ్చే మన తెలుగు కుర్రాళ్లు సెల్ఫీ దిగి వెళ్లిపోతారు, అక్కడి ఫలకం ఎవరూ చదవరు. వంగి చూస్తే బూడిదరంగు రాతిలో నల్లటి అభ్రకపు చారలు, వాటి మధ్య ఇరుక్కున్న ఇంకా పాత రాతిముక్కలు కనిపిస్తాయి. మైసూరు భూగర్భ శాఖకు చెందిన స్మీత్ 1916లో దీనికి పెనిన్సులర్ నైస్ అని పేరు పెట్టారు. ఇలాంటి రాళ్లు ఎలా పుట్టాయన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు. అది మొదలైంది ఇక్కడ కాదు, సముద్రాల అంచున.

భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. ఒక పలక మరోదాని కిందికి దూరేటప్పుడు దాని మీది సముద్రపు బసాల్టే (గట్టిపడ్డ నల్లటి లావా రాయి) కరిగి అగ్నిపర్వతాలకు లావా అందిస్తుందని 1968లో భూగర్భ శాస్త్రవేత్తలు గ్రీన్, రింగ్‌వుడ్ ప్రయోగాలతో వాదించారు. చిక్కేమిటంటే, దిగే పలక చల్లన. ఈశాన్య జపాన్ కిందికి పోయే పసిఫిక్ పలకకు సుమారు 13 కోట్ల ఏళ్లు, అంత చల్లారిన రాయి అంత సులువుగా కరగదు. దాంతో వేరే వివరణ గెలిచింది. పలక నీటినే వదులుతుంది, కరిగేది పైనున్న ప్రావారం, అంటే భూపటలం కింది రాతిపొర. ఉప్పు చల్లితే ఐసు కరిగినట్టు, నీరు తగిలితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది.

పాత వాదన అంతటితో పోలేదు. అల్యూషియన్ దీవుల్లోని అడక్‌లో దొరికిన వింత లావాను 1978లో కే వర్ణించారు. 1990లో డిఫాంట్, డ్రమండ్ అలాంటివాటికి అడకైట్ అని పేరు పెట్టి, 2.5 కోట్ల ఏళ్ల లోపు వయసున్న, ఇంకా వేడి తగ్గని పలకలు దిగేచోటే ఇవి పుడతాయన్నారు. గుర్తు ఏమిటంటే వాటిలో స్ట్రాన్షియం అనే మూలకం ఎక్కువ, యిట్రియం అనే మూలకం తక్కువ. లోతున బసాల్ట్ కరిగేటప్పుడు మిగిలే గార్నెట్ అనే ఖనిజం యిట్రియాన్ని పట్టేసుకుంటుంది. స్ట్రాన్షియాన్ని పట్టి ఉంచే ఫెల్డ్‌స్పార్ ఖనిజం ఆ ఒత్తిడికి నిలవదు కాబట్టి స్ట్రాన్షియం ద్రవంలోకి వచ్చేస్తుంది. అంతకుముందే, 1986లో, మార్టిన్ ఈ సూత్రాన్ని లాల్‌బాగ్ లాంటి పురాతన ఖండాల రాళ్లకు అన్వయించారు. అప్పటి భూమి వేడెక్కువ, కాబట్టి దిగిన పలకలు మామూలుగానే కరిగేవని.

ఇక్కడే తొందర పడ్డారనిపిస్తుంది. గార్నెట్ చెప్పేది లోతు, చిరునామా కాదు. పెరూలో మందమైన భూపటలం అడుగున కరిగినా ఇదే గుర్తు వస్తుందని 1993లో ఏథర్టన్, పెట్‌ఫోర్డ్ చూపించారు. అలాంటప్పుడు లాల్‌బాగ్ లాంటి రాళ్లకు పలక దిగడమే అక్కర్లేదు, దళసరి బసాల్ట్ పీఠభూమి అడుగు కరిగినా చాలు.

రెండింటినీ విడదీయడానికి మెగ్నీషియం చూస్తారు. పలక నుంచి వచ్చిన ద్రవం పైకి రావాలంటే ప్రావారాన్ని దాటాలి, దాటేటప్పుడు మెగ్నీషియం అంటుకుంటుంది. అడక్ లావాలో అది దండిగా ఉంది. అత్యంత పాత రాళ్లలో అంత లేదని, అవి అడకైట్‌కు జోడీ కావని 2000లో స్మితీస్ తేల్చేశారు. రెండేళ్లకే మార్టిన్, మోయన్ బదులిచ్చారు: 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్ల నుంచి 250 కోట్ల ఏళ్ల నాటివాటి వరకు మెగ్నీషియం వాటా పెరుగుతూ వచ్చింది, భూమి చల్లారేకొద్దీ పలకలు ఇంకా లోతున కరిగాయి అని.