స్టాంపు ఊడదీయకండర్రా

చిరంజీవులందరికీ ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

అటక దులుపుతుంటే పాత ఉత్తరాల కట్ట దొరికిందని, వాటి మీది స్టాంపులు నీళ్లలో నానబెట్టి ఊడదీద్దామా అని అడిగారు. వద్దు. ముందు ఆ గిన్నెలో నీళ్లు పారబోసి, తర్వాత ఈ ఉత్తరం చదవండి.

స్టాంపు అచ్చాఫీసులో లక్షల కొద్దీ పుట్టింది. దానికి మన ఊరూ తెలియదు, మీ ముత్తాతా తెలియదు. కవరు సంగతి వేరు. ఫలానా రోజున ఫలానా పోస్టాఫీసులో ఒకరు పడేస్తే, ఇంకో ఊళ్లో ఇంకొకరి చేతికి అందిన వస్తువు అది. స్టాంపు ఖరీదు, దాని మీద పడ్డ ముద్ర, చిరునామా, వెనకవైపు ముద్రలు, పోస్టుమాను పెన్సిలుతో రాసిన ముక్క, ఇవన్నీ ఒకచోట ఉంటేనే ఆ ప్రయాణం బోధపడుతుంది. స్టాంపు ఊడదీశారా, ముద్రలో సగం దానితో పోతుంది, సగం కవరు మీద ఉండిపోతుంది. రెండూ చదవడానికి పనికిరావు. కత్తెర తీసుకుని స్టాంపు చుట్టూ చతురస్రంగా కోసి దాచుకునేవాళ్లున్నారు, వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రతి కార్డుకీ మధ్యలో చిల్లు ఉంది, పాడైపోయాయా అని చిన్నవాడు దిగులు పడ్డాడట. పాడవడం కాదురా. ఆ రోజుల్లో వచ్చిన ఉత్తరాన్ని చదివి, దూలానికి వేలాడే ఇనప తీగకు గుచ్చేవాళ్లు. కింద గుచ్చినది పాతది, పైన గుచ్చినది కొత్తది. కట్టలో ఆ వరస ఇంకా చెదరకుండా ఉంటే మీరు చెదరగొట్టకండి, తేదీ చెరిగిపోయిన కార్డుకు ముందువెనకల కార్డులే సాక్ష్యం. మూలల్లో పసుపు మరకలుంటే పెళ్లో పేరంటమో అనుకోవచ్చు. చావు కబురు తెచ్చిన కార్డును చాలా ఇళ్లలో చదవగానే చింపేసేవాళ్లు, అందుకే పాత కట్టల్లో అవి అరుదు. కట్టలో ఏముందో ఎంత ముఖ్యమో, ఏది లేదో, ఎందుకు లేదో కూడా అంతే ముఖ్యం.

ఇక ముద్రలు చదవడం. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని భూతద్దంతో చూడండి. మామూలు గుండ్రటి ముద్రలో ఊరి పేరు, తేదీ ఉంటాయి, కొన్నిట్లో గంట కూడా ఉంటుంది. పేర్లు ఇంగ్లీషువాళ్ల పలుకుబడిలో ఉంటాయి కాబట్టి మొదట్లో తికమక పడతారు. బెజవాడ మీకు తెలుసు. కోకనాడ అంటే కాకినాడ, ఎల్లోర్ అంటే ఏలూరు, చికాకోల్ అంటే శ్రీకాకుళం, మసులిపటం అంటే మన బందరు, బిమ్లిపటం అంటే భీమిలి. ఇంకా వెనక్కి, 19వ శతాబ్దం నడిమికి వెళ్తే స్టాంపును కొట్టే ముద్రలో ఊరి పేరే ఉండదు, గీతల మధ్య ఒక అంకె మాత్రం ఉంటుంది. ఒక్కో పోస్టాఫీసుకు ఒక్కో అంకె ఇచ్చేవాళ్లు. స్టాంపు విడిగా ఉంటే ఆ అంకె ఏ ఊరిదో చెప్పడం కష్టం. కవరు మీద పేరున్న ముద్ర కూడా పక్కన పడి ఉంటే తాళం చెవి దొరికినట్టే. ఇలా ఒక్కో కవరు చూసుకుంటూ, ఏ అంకె ఏ ఊరిదో సేకర్తలు పట్టికలు కట్టారు.

పల్లెల్లో కొత్తగా పోస్టాఫీసు పెట్టేటప్పుడు ముందు ప్రయోగంగా నడిపి చూసేవాళ్లు. నడిస్తే ఉంచేవాళ్లు, లేకపోతే ఎత్తేసేవాళ్లు. అలాంటి కొన్ని ఆఫీసుల ముద్రల్లో ఊరి పేరుకు బదులు 'ఎక్స్‌పెరిమెంటల్ పి.ఓ.' అని, ఒక అక్షరం, ఒక అంకె కనిపిస్తాయి. అది ఏ పల్లెటూరో తేల్చాలంటే అదే కార్డు మీద పడిన పై ఆఫీసు ముద్ర చూడాలి, లోపల రాసినవాళ్లు పైన ఊరి పేరు వేశారేమో చూడాలి. ఈ పని నాకు చాలా ఇష్టం. మన జిల్లాల్లో ఇంకా తేలనివి ఉంటాయి, తేల్చగలిగేది ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లన్నీ నోటికొచ్చిన మీలాంటివాళ్లే.

రేట్ల సంగతి తెలియకపోతే కవరు సగమే అర్థమవుతుంది. రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 పైలు, ఇది కంఠతా పట్టండి. 1854లో దేశమంతటికీ ఒకే స్టాంపులు వచ్చాయి. ఎంత దూరమైనా సరే, పావు తులం బరువు దాటని ఉత్తరానికి అర్ధణా చాలు అన్నారు. అంతకుముందు దూరాన్ని బట్టి వసూలు చేసేవాళ్లు. 1879లో పోస్టుకార్డు వచ్చింది, కాణీ, అంటే పావు అణా. ఆ ధర నలభై ఏళ్ల పైన కదల్లేదు. 1922లో ఒక్కసారిగా అర్ధణా చేశారు. మీ కట్టలో కాణీ కార్డు మీద ఇంకో కాణీ స్టాంపు అంటించి ఉందన్నారే, అది రాసినవాళ్ల చాదస్తం కాదు. ఇంట్లో మిగిలిపోయిన పాత కార్డును కొత్త ధరకు సరిచేసుకున్నారు. స్టాంపు చాలకపోతే బేరింగు. తక్కువ పడ్డదానికి రెట్టింపు అందుకున్నవాళ్ల దగ్గర వసూలు చేసేవాళ్లు. డబ్బు రావాలి కాబట్టి పోస్టుమాను దాన్ని తప్పకుండా చేరుస్తాడని, కావాలనే స్టాంపు లేకుండా వేసేవాళ్లూ ఉండేవారని మా పెద్దలు చెప్పేవాళ్లు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. స్టాంపు మీద ధర నయాపైసల్లో ఉంటే అది ఆ కాలపుది. 1964లో 'నయా' అన్న మాట తీసేశారు.

అసలు రుచి తెలంగాణ కవర్లలో ఉంది. నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది. 1869లో మొదటి స్టాంపు వేశారు. ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు లిపులు నాలుగూ ఒకే చిన్న కాగితం మీద ఇరికించిన నిజాం స్టాంపులున్నాయి, భూతద్దంతో తెలుగు అక్షరాలు వెతకండి, సరదాగా ఉంటుంది. 1931లో బొమ్మల స్టాంపులు వచ్చాయి. అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్. 1947లో మొదలైన చివరి వరసలో మూడణాల మీద ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం, ఆరణాల మీద గోలకొండ.

ఈ స్టాంపులు రాజ్యం లోపలే చెల్లేవి. ఓరుగల్లు నుంచి నల్లగొండకు రాసే ఉత్తరానికి నిజాం స్టాంపు, అదే మనిషి మద్రాసుకు రాస్తే బ్రిటిష్ ఇండియా స్టాంపు. సికింద్రాబాదు కంటోన్మెంటులో, బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ దగ్గర బ్రిటిష్ తపాలా వేరే నడిచేది. ఒకే నగరంలో రెండు తపాలాలు, రెండు రకాల డబ్బు కూడా. నిజాం హాలీ సిక్కా రూపాయలు ఏడు సుమారుగా ఆరు ఇంగ్లీషు రూపాయలతో సమానం. ఇక తేదీ. రాజ్యంలో ఏళ్లను ఫసలీ అనే వేరే శకంలో లెక్కపెట్టేవాళ్లు. ముద్ర మీద 1350 అని కనిపిస్తే భవిష్యత్తు నుంచో పాతాళం నుంచో రాలేదు, 590 కలపండి, 1940 వస్తుంది. అక్కడి ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో, ఆజూరు నెలతో మొదలవుతుంది. కాబట్టి జనవరి ఒకటి నుంచి ఆ ఫసలీ ఏడాదిలో మిగిలిన తేదీలకు 591 కలపాలి. ముద్రలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. అంకెలు పది నేర్చుకుంటే చాలు, సగం పని అయిపోతుంది. ఉర్దూ బాగా వచ్చిన పెద్దలెవరినైనా కూర్చోబెట్టుకుంటే మిగతా సగం కూడా.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం పాలన ముగిసింది కదా, మరి స్టాంపులు ఆ రోజే ఆగిపోయాయనుకుంటారు. ఆగలేదు. 1950 ఏప్రిల్ 1న అక్కడి తపాలా భారత తపాలాలో కలిసేదాకా నడిచాయి. ఆ ఏడాదిన్నర కాలపు కవరు మీకు ఎక్కడైనా కంటపడితే నాకు చెప్పకుండా ఉండకండి.

కాకినాడకు దగ్గర్లోనే ఇంకో రాజ్యం, యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్లది. అక్కడి స్టాంపుల మీద ధర 1923 నుంచి ఫనాల్లో, కాష్‌లలో ఉండేది. 24 కాష్‌లు ఒక ఫనం, 8 ఫనాలు ఒక రూపాయి. గోదావరి పాయ దాటితే స్టాంపు మారిపోయేదన్నమాట.

దారి కూడా ముద్రలే చెబుతాయి. ఉత్తరం అందిన ఆఫీసు వెనకవైపు తన ముద్ర వేసేది కాబట్టి, ముందు తేదీకీ వెనక తేదీకీ తేడా చూస్తే ఎన్నాళ్లు పట్టిందో తెలుస్తుంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన 1900లో తెరిచారు. అంతకుముందు టపా సంచులు నీళ్ల మీద దాటాలి. రాజమండ్రి నుంచి ఏలూరుకు వంతెనకు ముందు ఒకటి, తర్వాత ఒకటి కవర్లు దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి. రైల్లోనే ఉత్తరాలు వేరుచేసే ఆర్.ఎం.ఎస్., అంటే రైల్వే మెయిల్ సర్వీసు ముద్రలు కొన్నిటి మీద ఉంటాయి. మన వైపు 'వై' డివిజన్ విజయవాడది, 'వి' విశాఖపట్నానిది, 'జెడ్' హైదరాబాదుది, 'ఏ.జి.' గుంతకల్లుది.

పేరాశతో దొంగ ముద్రలు కొట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లను పట్టుకోవడానికి జిల్లాల చరిత్ర మంచి ఆయుధం, ఇంకా పుట్టని జిల్లా పేరు కవరు మీద ఉండదు కదా. గుంటూరు జిల్లా 1904లో పుట్టింది, పశ్చిమ గోదావరి 1925లో, ఒంగోలు జిల్లా 1970లో, అదే తర్వాత ప్రకాశం అయింది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది. ఆ రోజుల్లో మునగాల చుట్టూ నిజాం నేల ఉన్నా తాను మాత్రం కృష్ణా జిల్లాలో ఉండేది. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. 1960 నాటి ముద్ర ఉన్న కవరు మీద ఆరంకెల పిన్ కనిపిస్తే, అమ్మేవాడి మొహం వైపు ఒకసారి చూసి నవ్వి వచ్చేయండి.

కొన్నిసార్లు తేదీ ఒక్కటే చాలు. క్విట్ ఇండియా ఉద్యమంలో కాల్పులు జరిగిన 1942 ఆగస్టులో తెనాలి నుంచి బయల్దేరిన కార్డు, 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమకు వెళ్లిన కార్డు దొరికితే లోపలి విషయం ఎంత మామూలుదైనా పక్కన పెట్టుకోండి. యుద్ధకాలంలో సెన్సారు వాళ్లు విప్పి చదివి మళ్లీ అంటించిన పట్టీ ఉంటే దాన్ని పీకకండి.

భద్రపరచడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, చేయకూడనివే ఎక్కువ. సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు, గమ్ము వద్దు, ఇస్త్రీ వద్దు. మడతలు విప్పి, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, తేమా ఎండా తగలని చోట ఉంచండి. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు. మీ గుర్తులు కవరు మీద రాయకండి, పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక్కో కవరుకూ ఎక్కడి నుంచి, ఎక్కడికి, రెండు వైపుల తేదీలు, ఎంత స్టాంపు, ఏ ముద్ర, మీకు ఎలా వచ్చింది, ఇంతే. చివరిది అందరూ మరిచిపోతారు, అది లేకపోతే తర్వాతివాళ్లకు నమ్మకం కుదరదు. లోపలి ఉత్తరంలో ఎవరి కష్టసుఖాలో ఉంటాయి. ఫొటో తీసి అందరికీ చూపించే ముందు ఆ ఇంటివాళ్లను అడగండి. ఒప్పుకోకపోతే చిరునామా వైపు మాత్రమే చాలు.

ఎంత పలుకుతుందని అడిగారు పెద్దమ్మాయి. చాలావాటికి ఏమీ పలకదమ్మా. మీ కట్టలో అరుదైనవి ఉండకపోవచ్చు కూడా. అయినా ఖరీదైన స్టాంపులు అరడజను కొని ఆల్బమ్‌లో పెట్టుకున్నవాడి కన్నా, ఒకే తాలూకా మామూలు కార్డులు రెండు వందలు పోగేసి వరసగా పేర్చినవాడే నా దృష్టిలో పెద్ద సేకర్త. ఫస్ట్ డే కవర్లంటే, అదే కొత్త స్టాంపు విడుదలైన రోజునే ముద్ర కొట్టి అమ్మేవి, నాకు మోజు లేదు. ముస్తాబు చేసుకుని ఊరు కదలకుండా కూర్చున్న కవరు ఏం చెబుతుంది? మీకు ఇష్టమైతే కొనుక్కోండి, నేను కాదనను.

కొత్తవి కూడా దాచండి. టెలిగ్రాములు 2013లో ఆగిపోయాయి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. మీ నాన్న బీరువాలో బ్యాంకు నుంచో కోర్టు నుంచో వచ్చిన రిజిస్టర్డు కవర్లుంటాయి, వాటిని పాత పేపర్లవాడికి వేయకుండా ఆపండి.

ఇప్పుడు మీకో పని. కట్టలో మన ఊరి ముద్రలున్న కార్డులన్నీ విడిగా తీసి, ముద్ర ఆకారం ఎప్పుడెప్పుడు మారిందో తేదీల వారీగా రాయండి. మన ఊరి ఆఫీసు బ్రాంచిగా, అంటే ఇంకో ఆఫీసు కింద నడిచే చిన్న ఆఫీసుగా మొదలై ఎప్పుడు సబాఫీసు అయిందో దానితోనే తేలాలి. తేలిన సంగతి ఫోనులో చెప్పకండి, కార్డు రాయండి. కౌంటరు దగ్గరికి వెళ్లి ముద్ర స్పష్టంగా, స్టాంపు మీద సగం, కార్డు మీద సగం పడేలా కొట్టమని మర్యాదగా అడగండి. విసుక్కుంటే ఇంకోసారి అడగండి.

ఇట్లు,
మీ తాతయ్య