ఆస్కార్‌కి బోదెలో పరిగెలు పెట్టొచ్చా?

భీమవరం, ఆకివీడు వైపు ఇంట్లో తొట్టిలో ఆస్కార్‌నో అరోవానానో, అలాంటి వేటాడే చేపల్ని పెంచేవాళ్లకి మేత కొనే బాధ లేదు. బోదెలో, అంటే పొలాల పక్క పిల్లకాలువలో, చిన్న వల వేస్తే పరిగెలనే చిన్న చేపలు పడతాయి, చెరువు పట్టుబడి రోజున అయితే గట్టు మీద తిలాపియా పిల్లలు ఎన్ని కావాలంటే అన్ని. బతికున్నవాటిని తొట్టిలో వదిలితే ఇంటికొచ్చిన చుట్టాలు కూడా టీవీ వదిలేసి వచ్చి చూస్తారు. నాకు మాత్రం ఆ ఊరికే వచ్చే మేతంటేనే భయం.

ముందు ఆ వేట సంగతి. చూసేవాళ్లకి దూకి కరిచినట్టు కనిపిస్తుంది కానీ ఆస్కార్ చేసేది పీల్చడం. నోరు తెరుస్తూనే లోపలి భాగం ఒక్కసారిగా ఉబ్బుతుంది, ఆ ఖాళీలోకి నీళ్లు దూసుకొస్తాయి, వాటితోపాటే పరిగె లోపలికి పోతుంది, నీళ్లు మొప్పల్లోంచి బయటికొచ్చేస్తాయి. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. దాన్ని రెచ్చగొట్టేది ప్రధానంగా కదలిక. కంటితో చూస్తుంది, ఒంటి పక్కన గీతలా ఉండే పార్శ్వరేఖతో నీటి అలజడిని పసిగడుతుంది. కదిలేదానికి ప్రాణం ఉందా లేదా అని అది వాకబు చేయదు.

ఇక మేతలోని చిక్కు. 1932లో అమెరికాలోని మిన్నెసోటాలో చాస్టెక్ అనే ఆయన ఫారంలో నక్కలు కాళ్లు పడిపోయి చచ్చిపోయాయి. వాటికి పచ్చి కార్పు చేపలు పెట్టేవారు. ఆ చేపల్లో ఉండే థయామినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ని విరగ్గొట్టేస్తుందని తర్వాత తేలింది. గోల్డ్‌ఫిష్‌తో సహా కార్పు కుటుంబంలో చాలా చేపలకి ఈ గుణం ఉంది, మన పరిగెలూ ఆ కుటుంబమే. ఒకటి రెండుసార్లు తింటే ఏమీ కాదు. నెలల తరబడి అదే పెడితే మేత మానేయడం, ఒరిగిపోతూ ఈదడం, గిలగిల కొట్టుకోవడం మొదలవుతాయి, అప్పుడు మనం నీళ్లు బాలేదనుకుని నీళ్లు మారుస్తూ కూర్చుంటాం!

రెండోది చేపల ఒంటికి పట్టే పేను. కార్పు చెరువులున్న ఊళ్లో దీని గురించి చెప్పక్కర్లేదు. బిళ్లలా పల్చగా, దాదాపు గాజులా ఉండి పొలుసు మీద అతుక్కుపోతుంది, వేలితో తోస్తే జారి పక్కకి నడుస్తుంది. భూతద్దంలో చూస్తే కింద అతుక్కోడానికి వాడే గుండ్రటి చూషకాలు రెండు, కళ్లలా కనిపిస్తాయి. ఒక్క ఆడ పేను వస్తే చాలు, తొట్టి అద్దానికీ రాళ్లకీ గుడ్లు అంటిస్తుంది. తొట్టిలో కొర్రమీను పెంచేవాళ్లకి ఇంకో టెన్షన్ ఉంది. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించి తర్వాత దేశమంతా పాకిన పుండ్ల వ్యాధి పరిగెలకీ కొర్రమీనుకీ రెండింటికీ వస్తుంది, ఒంటి మీద ఎర్ర మచ్చ ఉన్న పరిగెని అసలు ఇంటికే తేవద్దు.

జెల్ల పిల్లలు వలలో పడితే తీసి పారేయండి. బెదిరితే రెక్కల ముళ్లు నిటారుగా బిగించేస్తుంది, ఆ ముళ్లతో గొంతులో ఇరుక్కుందంటే ఆస్కార్ దాన్ని మింగలేదు, కక్కలేదు.

బతికున్న మేత మాన్పించడం కుదరదంటారు గానీ పండుగప్ప చేపనే చూడండి. తన పొడవులో సగానికి పైగా ఉన్న తోబుట్టువుని కూడా మింగేసే రకం అది, హేచరీల్లో అందుకే సైజుల వారీగా విడదీస్తూ ఉంటారు. అంతటిదాన్నీ పిల్లగా ఉన్నప్పుడే గుళికల మేతకి అలవాటు చేస్తున్నారు. ఇంట్లో ఆస్కార్‌కైతే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప అయితే, రెండు మూడు రోజులు పస్తు పెట్టి, తిలాపియా ముక్కని దారానికి కట్టి దాని ముందు ఆడించండి, తిన్న కొన్నాళ్లకి గుళికలు కలపండి. ఫ్రీజర్‌లో పెడితే పేను చస్తుంది కానీ థయామినేజ్ పోదు, పరిగెలే పెట్టాలనుకుంటే ఉడికించాల్సిందే. అప్పుడప్పుడూ వేట చూడాలని సరదా ఉంటే వేరే తొట్టిలో గప్పీలు పెంచుకోండి, అవి కార్పు కుటుంబం కావు, మన ఇంట్లోనే పిల్లల్ని పెడతాయి.