అరుగు మీద జవాబు, పెరట్లో జవాబు: డెల్టాలో లోతైన ఇంటర్వ్యూ నేపథ్యం

నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం వంటపని సర్దుకున్నాక వీధి గుమ్మాల్లో, పెరటి వసారాల్లో ఆడవాళ్లు లేసు అల్లుతూ కనిపిస్తారు. సర్వే ఫారం పట్టుకొచ్చిన మనిషి "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగితే "పనేం లేదండి, ఇంట్లోనే ఉంటాం" అంటారు. సూది మాత్రం ఆగదు. జాతీయ నమూనా సర్వేలో ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకి 92 అనే అంకె ఉంది. ఇంటిపనితో పాటు సొంత వాడకానికి కుట్టుపని, అల్లిక లాంటివి చేసుకునేవాళ్లకి 93. అమ్మకానికి అల్లే లేసు ఈ రెంటిలోనూ ఇమడదు. అది ఉపాధి లెక్కలోకి రావాలి. కానీ "ఇంట్లోనే ఉంటాం" అని విన్న చెయ్యి 92 వేసి పక్క ఇంటికి వెళ్లిపోతుంది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత కూడా ఈ 92 బెడద తీరలేదు.

ఇందులో ఆవిడ అబద్ధమాడింది లేదు. ఆ ఇంట్లో "పని" అంటే గడప దాటి వెళ్లి కూలి తెచ్చేది. ప్రశ్న ఆ అర్థాన్ని దాటి లోపలికి వెళ్లలేకపోయింది. అలా వెళ్లడానికి పుట్టిందే లోతైన ఇంటర్వ్యూ పద్ధతి. ముందే అచ్చేసిన జవాబుల మీద టిక్కులు పెట్టకుండా, ఒక్క మనిషి దగ్గర గంటా గంటన్నర కూచుని, ఆ మనిషి మాటల్లోంచే తర్వాతి ప్రశ్న తీసుకుంటూ సాగే సంభాషణ ఇది. గోదావరి డెల్టాలో దీని నేపథ్యం తవ్వితే మళ్లీ మళ్లీ తగిలే ప్రశ్న ఒకటుంది: ఎవర్ని అడిగారు, ఎక్కడ కూచుని అడిగారు?

ఊరూరా తిరిగి ప్రశ్నలడిగి రాసుకోవడం ఇక్కడ కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్నుంచి ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఏలూరు వాళ్లు. వాళ్లూ, వాళ్లతో తిరిగిన గుమాస్తాలూ శాసనాలకు నకళ్లు ఎత్తారు. కరణాల చేత, గుడి అర్చకుల చేత ఊరి పుట్టుపూర్వోత్తరాలు చెప్పించి రాసుకున్నారు. అవే కైఫీయతులు. తర్వాతి రోజుల్లో సి.పి. బ్రౌన్ వాటికి శుద్ధప్రతులు రాయించాడు. వాటిలో మాన్యాలు, చెరువులు, జమీందార్ల వరసలు, పన్నుల తీరు పుష్కలంగా దొరుకుతాయి. నాట్లు వేసిన మనిషి గొంతు దొరకదు. పైగా మాన్యం మీద హక్కు నిలబెట్టుకోవాల్సిన వాళ్లే చెప్పేవాళ్లు కాబట్టి, దాన్ని వీలైనంత పాతదిగా చూపించే అవసరం వాళ్లకుండేది. కైఫీయతు విలువ దీనివల్ల తగ్గదు. కాకపోతే దాన్ని ఊరి మాటగా కాక కరణంగారి మాటగా చదువుకోవాలి.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయ్యాక సర్కారుకి కావలసిన సమాచారం మారింది. ఎన్ని ఎకరాలకు నీరందింది, శిస్తు ఎంత పెరిగింది, ధాన్యం ఏ రేవుకి వెళ్తోంది అన్నవే ప్రశ్నలు. 1878 నాటి హెన్రీ మోరిస్ జిల్లా వృత్తాంతం, 1907 నాటి హెమింగ్వే గెజెటీరు ఈ దారిలోవే. రైతు కనిపిస్తాడు గానీ పన్ను కట్టేవాడిగానే కనిపిస్తాడు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులకి ప్రశ్నావళులిచ్చి సెలవుల్లో పల్లెలకి పంపాడు. ఆ ఫలితాలు 1918లో అచ్చయ్యాయి. డెల్టా పల్లెల ఆర్థిక పరిస్థితుల మీద ఎన్.జి. రంగా చేసిన పరిశీలన 1926లో వచ్చింది. ధరలు పడిపోయిన ఆర్థికమాంద్యం రోజుల్లో అప్పు మీద విచారణలు నడిచాయి. 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం, 1935లో సత్యనాథన్ నివేదిక వచ్చాయి. అప్పు గురించి అడగడంలో ఉన్న చిక్కు అప్పటిదీ ఇప్పటిదీ ఒకటే. అడిగినవాడు రుణం మాఫీ చేస్తాడనుకుంటే జవాబు పెరుగుతుంది, పిల్లకి సంబంధం చూస్తున్న ఇంట్లో పదిమంది ముందు అడిగితే తగ్గుతుంది. 1961 జనాభా లెక్కలతో పాటు ఎ. చంద్రశేఖర్ పర్యవేక్షణలో ఆంధ్రప్రదేశ్ గ్రామాల మీద విడి విడి పుస్తకాలు వచ్చాయి. ఇళ్ల తీరు, నగలు, పెళ్లి ఖర్చు, తిండి దాకా రాసిన ఓపికైన పని అది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. "ముందు కరణంగారిని కలవండి" అన్న మాట వెళ్లిపోయింది గానీ, ఆ కుర్చీలో ఇంకెవరో కూచున్నారు: సర్పంచి భర్త, రైస్ మిల్లు యజమాని, నీటి సంఘం అధ్యక్షుడు.

ఈ పద్ధతికి పేర్లూ నియమాలూ బయట ఏర్పడ్డాయి. 1849-50లో హెన్రీ మేహ్యూ లండను కూలీల చేత వాళ్ల సంపాదనా ఖర్చూ వాళ్ల నోటితోనే చెప్పించి పత్రికలో రాశాడు. 1946లో మెర్టన్, కెండల్ అనే సామాజికవేత్తలు ఒక విషయం మీద కేంద్రీకరించి ఇంటర్వ్యూ చేసే తీరు మీద వ్యాసం రాశారు. 1967లో గ్లేసర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజికవేత్తలు, సిద్ధాంతం ముందే పట్టుకెళ్లకూడదనీ, కొత్త సంగతి రావడం ఆగిపోయేదాకా అడుగుతూ పోవాలనీ చెప్పారు. "ఇంకెంతమందిని అడగాలి?" అన్నప్పుడు ఇవాళ అందరూ వాడే మాట, సంతృప్త స్థితి, అక్కడిదే.

డెల్టాలో ఆ పద్ధతి ఏం చెయ్యగలదో గట్టిగా చూపించింది లేసు మీద జరిగిన అధ్యయనమే. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతంలో పనిచేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన ఆ పని 1982లో పుస్తకంగా వచ్చింది. మిషనరీలు నేర్పిన అల్లిక ఎగుమతి సరుకు ఎలా అయిందో, ఎగుమతిదారు నుంచి ఏజెంటుకీ, ఏజెంటు నుంచి ఇంటికీ దారం ఎలా చేరుతుందో ఆమె ఇళ్లల్లో కూచుని అడిగి తెలుసుకుంది. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని కలుపుతారు. ఆ కలపడానికి అతుకుపని అని పేరు. పూర్తయిన సరుకు చూడకుండానే ఏళ్ల తరబడి అల్లినవాళ్లున్నారు. రోజంతా ఏ గంటకి ఏం చేశారో వరసగా చెప్పించినప్పుడు గానీ, "తీరిక వేళ కాలక్షేపం" అని వ్యాపారులు చెప్పేది నిజానికి రోజులో ఎన్ని గంటల పనో బయటపడలేదు. వ్యాపారం మగవాళ్లదీ, పని "గృహిణి"దీ కావడం వల్లే కూలి అంత తక్కువలో నిలిచిందన్నది ఆమె వాదన. వాదనతో విభేదించవచ్చు. కానీ "ఏం పని చేస్తారు?" బదులు "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పండి" అని అడగడంలో ఉన్న తేడాని ఎవరూ కాదనలేరు. 2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వే కూడా తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంట అరగంటకి అడిగే పద్ధతినే తీసుకుంది.

తెలుగులో ఈ దారికి ఇంకో మలుపు స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర". అది తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలు. డెల్టాకి సంబంధించింది కాదు. అయితే మాట్లాడిన తీరుని మాట్లాడినట్టే అచ్చులో ఉంచవచ్చని, తడబాటూ మౌనమూ కూడా సమాచారమేనని ఇక్కడి పరిశోధకులకి నేర్పింది.

ఇప్పుడు ఈ పద్ధతి అవసరం ఎక్కువగా పడుతున్నది కౌలు దగ్గర. 2011 సార్వాకి (ఖరీఫ్‌కి) కోనసీమ రైతులు పంట విరామం, అంటే పంట వెయ్యమని ప్రకటించారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ఆ ఏడు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 1080 రూపాయలు. గిట్టుబాటు లేకపోవడం, కూలి ఖర్చు, పూడిపోయిన డ్రెయిన్లు, ఆలస్యంగా వదిలే నీరు అన్న కారణాలు సభల్లో గట్టిగా వినిపించాయి. అవన్నీ నిజమే. కానీ విరామం భూమి ఉన్నవాడికి ఒకటి, మక్తా (ముందే ఖాయం చేసుకున్న కౌలు) ఒప్పుకుని దుక్కికి సిద్ధమైనవాడికి ఒకటి, నాట్ల గుత్త (మొత్తం పనికి ఇంత అని ఒప్పుకున్న కూలి) మీద ఆ రెండు నెలలు గడుపుకునే ఆడ ముఠాకి మరొకటి. మైకు ఈ ముగ్గురి దగ్గరికీ సమానంగా వెళ్లదు. అదే ఏడాది వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారులకి రుణ అర్హత కార్డులు ఇచ్చింది. 2019 చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రం తెచ్చింది గానీ భూయజమాని సంతకం కావాలంది. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఉండదన్న భయంతో చాలా కౌళ్లు నోటిమాట మీదే నడుస్తున్నాయి. అలాంటి మనిషిని అరుగు మీద నలుగురి ముందు "ఎన్ని ఎకరాలు కౌలుకి చేస్తున్నారు?" అని అడగడం అతని పొలానికి ఎసరు పెట్టడమే.

అందుకే డెల్టాలో పనిచేసేవాళ్లు ముందు చూసుకోవలసింది ప్రశ్నల జాబితా కాదు, ఊళ్లోకి అడుగుపెట్టే వరస. మొదటి రోజు పెద్ద రైతు ఇంట్లో కాఫీ తాగి, ఆయన మనిషిని వెంటబెట్టుకుని పేటకి (దళితవాడకి) వెళ్తే ఆ వారమంతా పేటలో వినిపించేది "ఏముందండి, అంతా బాగానే ఉందండి" అన్నదే. పేటకి విడిగా, ముందుగా వెళ్లాలి. ఒకరు కుర్చీలో, ఒకరు నేల మీద ఉంటే జవాబులు పొట్టిగా వస్తాయి. ఇద్దరూ చాప మీదో, ఇద్దరూ గట్టు మీదో కూచోవాలి. కూలి చేసే ఆవిణ్ని "నువ్వు" అని, రైతుని "మీరు" అని పిలిచిన క్షణాన ఇంటర్వ్యూ అయిపోయినట్టే. అందరికీ "మీరు", పెద్దవాళ్లకి గారు. చనువు కుదిరాక వాళ్లే పిన్నిగారనో బాబాయనో వరస కలుపుతారు, తొందరపడి మనం కలపక్కర్లేదు.

గోదావరి మర్యాద ఇంకో ఉచ్చు. "ఆయ్" అంటే "మీరు చెప్పేది వింటున్నానండి" అని కూడా. "అయితే కౌలు ఎక్కువై వదిలేశారన్నమాట?" అని అడిగి, "ఆయ్, అవునండి" అని రాసుకొస్తే అది మన జవాబే. జవాబుని ప్రశ్నలోనే పెట్టకూడదు. "ఎందుకు" అన్న మాట నిలదీసినట్టు వినిపిస్తుంది కాబట్టి "ఎలా జరిగింది, తర్వాత ఏమైంది" అని అడగాలి. "ఏదో అలా వెళ్లిపోతోందండి" అన్నాక వెంటనే రెండో ప్రశ్న వెయ్యకుండా ఐదారు సెకన్లు ఆగితే అసలు మాట అప్పుడొస్తుంది.

కొలతలు వాళ్లవే వాడాలి. కౌలు రూపాయల్లో అడిగితే అంకె తప్పుతుంది. 75 కిలోల బస్తాల్లో, సార్వాకెన్ని దాళ్వాకెన్ని (రబీకెన్ని) అని విడదీసి అడగాలి. ఇంకా మెరుగైంది, "పోయిన దాళ్వాలో కోత అయ్యాక మొదటి ట్రాక్టరు లోడు ఎవరి దగ్గరికి వెళ్లింది?" అనడం. అప్పూ, కౌలూ, ఎరువు బాకీ మూడూ ఆ ట్రాక్టరు వెనకే బయటికొస్తాయి. సంవత్సరాలు గుర్తుండవు గానీ పుష్కరాలు గుర్తుంటాయి: 1979, 1991, 2003, 2015. "పెళ్లి పుష్కరాలకి ముందా తర్వాతా?", "ఇల్లు తొంభై ఆరు తుపానుకి ముందు కట్టిందేనా?" అంటే కాలం ఏడాదో రెండేళ్లో తేడాలో దొరుకుతుంది. కువైట్ వెళ్లొచ్చిన ఆడవాళ్లని వయసు అడగడంతో మొదలుపెట్టకూడదు. ఇంటిపనికి వెళ్లే స్త్రీలకి 30 ఏళ్ల నిబంధన ఉంది కాబట్టి కాగితం మీద వయసూ ఇంట్లో వయసూ వేరుగా ఉండే అవకాశముంది, మొదటి ప్రశ్నకే మనిషి జాగ్రత్తపడిపోతుంది.

మార్గదర్శక పత్రంలో ఎనిమిది నుంచి పన్నెండు అంశాలు చాలు, ఒక్క కాగితం దాటకూడదు. ఒక్కో మనిషితో రెండు మూడు సార్లు కూచోవాలి, రెండోసారికి గానీ డబ్బు మాట రాదు. నాట్ల రోజుల్లో, కోతల్లో వెళ్లకూడదు. కొబ్బరికాయలు దింపే దింపు కార్మికులు పొద్దున్నే చెట్లెక్కుతారు, మధ్యాహ్నం దిగాకే తీరిక. ముందు చేతిలో ఉన్న కత్తి గురించి, కాళ్లకి వేసుకునే తాడు గురించి అడిగితే నడుం నొప్పి దాకా మాట తనంతటదే వెళ్తుంది. రికార్డింగు పాడుచేసేవి మూడు: రేకుల మీద వాన, నెత్తిన తిరిగే ఫ్యాను, రొయ్యల చెరువు గట్టున ఏరేటర్ల మోత. మొదటి నిమిషం వెనక్కి తిప్పి విని చూసుకోవాలి, రెండో ఫోనులో కూడా రికార్డు పెట్టాలి. ముందు అనుమతి అడగాలి. వద్దంటే ఆపేసి నోటుబుక్కు తియ్యాలి. అత్తగారు వచ్చి కూచుంటే కోడలి ఇంటర్వ్యూ అత్తగారి ఇంటర్వ్యూ అయిపోతుంది. అప్పుడు ఆవిడతోనే మాట్లాడి, కోడలి దగ్గరికి ఇంకో రోజు వెళ్లాలి.

ఎంతమంది? 2006లో పశ్చిమాఫ్రికాలో 60 మంది స్త్రీల ఇంటర్వ్యూలు పరిశీలించినవాళ్లకి మొదటి పన్నెండిట్లోనే ముఖ్యాంశాలు దాదాపు అన్నీ దొరికాయి. ఆ పన్నెండుని పట్టుకుని "ఊరికి పన్నెండు" అని తీర్మానించుకోవడం తప్పు. అది ఒకే రకం మనుషులకి వచ్చిన లెక్క. సొంత రైతు, కౌలు రైతు, కూలికెళ్లే ఆడవాళ్లు, హైదరాబాదులో ఉండే భూయజమాని వేర్వేరు గుంపులు. గుంపుకి పదీ పన్నెండు వేసుకుంటే నలభై దాటుతుంది. గంట రికార్డింగు రాతలోకి దించడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఖర్చు తేలేది ఇక్కడే, బడ్జెట్లో మర్చిపోయేదీ ఇదే. నేరుగా ఇంగ్లీషులోకి రాసుకుంటే మక్తా, గుత్త, అతుకుపని అన్న మాటలన్నీ ఒకటే చప్పటి మాటగా మారిపోతాయి. ముందు తెలుగులో, అన్నది అన్నట్టుగా రాసి ఆ తర్వాతే వేరే పని.

ఊరి పేరూ మనిషి పేరూ మారిస్తే గోప్యత అయిపోయిందనుకుంటారు. ఊళ్లో దింపు మేస్త్రి ఒక్కడే అయితే "ఒక దింపు మేస్త్రి" అన్నా ఎవరో తెలిసిపోతుంది. సర్వే నంబరు, కాలవ పేరు, ఎకరాల లెక్క మూడూ ఒకచోట రాస్తే కౌలుదారు పేరు రాసినట్టే. అందుకని విస్తీర్ణం కొంచెం సవరించి, కాలవ పేరు తీసేసి, అసలు పేర్లున్న కాగితం రికార్డింగులున్న చోట కాక వేరే చోట తాళం వేసి ఉంచుతారు.