ఫోటో చూసి పుట్టగొడుగు పేరు చెప్పగలమా? ఫంగస్ గుర్తింపులో అపోహలు - వాస్తవాలు

అపోహ: అనుభవం ఉంటే చూడగానే పేరు చెప్పేయొచ్చు.

వాస్తవం: చూపు మనల్ని ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దాకా తీసుకెళ్తుంది, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. గొడుగు రంగు వానకి వెలిసిపోతుంది, ముదిరేకొద్దీ మారుతుంది. అందుకే మేం ముందు స్పోర్ ప్రింట్ తీస్తాం, అంటే ఫంగస్‌కి విత్తనాల్లాంటి స్పోర్ల పొడిని కాగితం మీద రాలనిస్తాం. కాడ కోసేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద గొడుగును మొప్పలు (గొడుగు అడుగున ఉండే సన్నని రేకులు) కిందికి వచ్చేలా పెట్టి, పైన గ్లాసు బోర్లించి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి సన్నని గీతలుగా పొడి రాలి ఉంటుంది. క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అనే విషపు పుట్టగొడుగుకి లేతగా ఉన్నప్పుడు మొప్పలు తెల్లగానే ఉంటాయి, తినేదే అనుకుని చాలామంది మోసపోయేది అక్కడే, కానీ దాని స్పోర్ల పొడి మాత్రం ఆకుపచ్చగా రాలుతుంది. తర్వాత మైక్రోస్కోపు. రస్సులా అనే పుట్టగొడుగుల స్పోర్ల మీద అయోడిన్ ఉండే మెల్జర్ ద్రావణం ఒక్క చుక్క వేస్తే వాటి మీది బొడిపెలు, గీతలు నీలి నలుపుకి తిరుగుతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అపోహ: ఫంగస్ కూడా మొక్కే.

వాస్తవం: కాదు. 1969లో విట్టాకర్ అనే శాస్త్రవేత్త జీవుల వర్గీకరణలో వీటికి వేరే రాజ్యమే ఇచ్చాడు. బంధుత్వం చూస్తే మొక్కల కన్నా జంతువులకే దగ్గర.

అపోహ: డీఎన్‌ఏ టెస్ట్ చేస్తే ఇంక డౌటే ఉండదు.

వాస్తవం: ఐటీఎస్ అనే డీఎన్‌ఏ ముక్కను 2012లో ఫంగస్ బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే ముద్రగా ప్రతిపాదించారు, చాలా గుంపుల్లో బాగానే పనిచేస్తుంది. అయితే ఫ్యుజేరియం, ట్రైకోడెర్మా లాంటి ఫంగస్ ప్రజాతుల్లో దగ్గరి జాతులు ఐటీఎస్‌లో దాదాపు ఒకేలా కనిపిస్తాయి, ఇంకో జన్యువు చదవాల్సిందే. పైగా డేటాబేస్‌లో తప్పు పేరుతో పెట్టిన సీక్వెన్సులూ (చదివిన డీఎన్‌ఏ వరసలు) ఉంటాయి, కాబట్టి 99 శాతం కలిసిందని పేరు రాసేయకండి.

అపోహ: శాస్త్రవేత్తలు ఊరికే పేర్లు మార్చేస్తుంటారు.

వాస్తవం: ఒకే ఫంగస్‌కి లైంగిక దశలో ఒక పేరు, అలైంగిక దశలో ఇంకో పేరు ఉండేవి. జిబ్బరెల్లా జీయే, ఫ్యుజేరియం గ్రామినియారమ్ రెండూ ఒకటే. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశంలో ఈ పద్ధతి ఆపేశారు, 2013 నుంచి ఒక ఫంగస్‌కి ఒకే పేరు.

ఫోటో పంపేవాళ్లకి నా విన్నపం: కింద నుంచి మొప్పలు కూడా తీయండి, పక్కన ఏ చెట్టుందో రాయండి. కాడను మధ్యలో తెంపకుండా మొదలంటా తవ్వండి, డెత్ క్యాప్ అనే ప్రాణాంతక పుట్టగొడుగుని పట్టిచ్చే సంచి కాడ అడుగున మట్టిలోనే ఉంటుంది.