శిల్పంలాంటి దీపాలు: అపోహలు - వాస్తవాలు

ఇళ్లకు లైటింగ్ అమర్చడం నా వృత్తి. 1950, 60ల నాటి యూరప్ దీపాల ఫొటోలు తెచ్చి ‘ఇలాంటిదే కావాలి’ అనేవాళ్లు చాలామంది వస్తుంటారు. వాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: ఆ ఆకారాలు అలంకారానికే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్‌సెన్ 1920ల నుంచీ ఒక్క సమస్యతోనే కుస్తీ పట్టారు. బల్బు కంటికి కనబడకూడదు, వెలుగు మాత్రం మెత్తగా దిగాలి. 1958లో వచ్చిన ఆయన పీహెచ్5 దీపం, పళ్లేలు ఒకదానిపై ఒకటి బోర్లించినట్టు ఉంటుంది. వెలుగు ఆ షేడ్ల లోపలి వైపు తగిలి, పదును తగ్గి బల్ల మీద పరుచుకుంటుంది. పెద్ద షేడ్ వ్యాసం 50 సెంటీమీటర్లు, పేరులో 5 అందుకే. అదే ఏడాది కోపెన్‌హేగన్‌లోని ఒక రెస్టారెంటు కోసం ఆయన చేసిన ఆర్టిచోక్ (పొరలు పొరలుగా మొగ్గలా ఉండే కూరగాయ) దీపానికి 72 రేకులు. పై వరుసలోని సందును కింది వరుస రేకు కప్పేస్తుంది. చూసేవారికి అది విచ్చుకుంటున్న మొగ్గ, ఆయనకు మాత్రం బల్బును దాచే లెక్క.

అపోహ: ఎంత ఎత్తున కడితే అంత వెలుగు.

వాస్తవం: ఒక ఇంట్లో గంట ఆకారపు దీపాన్ని సీలింగుకు ఆనించినట్టు కట్టారు. బల్బు కళ్లలో కొడుతుంటే ఆ ఇంటి పెద్దావిడ ఎడమ చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని అన్నం కలుపుకుంటున్నారు. తీగ పెంచి, బల్లకు 60 సెంటీమీటర్ల పైకి దించాం. షేడ్ అంచు బల్బును కప్పేసింది, ఆవిడ చేయి కిందికి దిగింది. (మన ఇళ్లలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఫ్యాను రెక్కలకు పైన దీపం పెడితే గదంతా మినుకుమంటుంది.)

అపోహ: నేల మీద నిలిచి, విల్లులా వంగే ఆర్కో దీపానికి అడుగున పాలరాయి పెట్టింది దర్పం కోసం.

వాస్తవం: 1962లో ఇటలీకి చెందిన కాస్టిగ్లియోని సోదరులు సీలింగుకు రంధ్రం పెట్టకుండా బల్ల మీదికి వెలుగు తేవాలనుకున్నారు. అంత పొడవుగా వంగిన ఉక్కు చేయి పడిపోకుండా నిలపడానికే ఆ 65 కిలోల రాయి. రాతిలోని రంధ్రంలో చీపురు కర్ర దూర్చి ఇద్దరు దాన్ని మోయవచ్చు.

అపోహ: కాగితం దీపం చవకబారుది.

వాస్తవం: శిల్పి ఇసాము నొగుచి 1951లో జపాన్‌లోని గిఫులో మొదలుపెట్టిన అకారి దీపాలు మల్బరీ బెరడు కాగితంతో, వెదురు బద్దలతో చేసినవి. ఆ కాగితం వెనక 2700 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు) ఎల్ఈడీ పెట్టండి. తెల్లటి ట్యూబులైటు రంగు బల్బు పెడితే కాగితం పాలిపోయినట్టు కనిపిస్తుంది.