వర్తక సంఘానికి సొంత భవనం: అపోహలు – వాస్తవాలు

నేను భవనాల డిజైన్లు చేస్తుంటాను. వాటిలో వర్తక సంఘాల ఆఫీసులు, మీటింగ్ హాళ్ళు కూడా ఉన్నాయి. కమిటీలో ఎవరో ఒకరు "పర్యావరణానికి మేలు చేసేలా కడదామండీ" అనగానే ప్రతి ఊళ్ళోనూ దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: గ్రీన్ బిల్డింగ్ అంటే పైన సోలార్, ముందు అద్దాలు.

వాస్తవం: సగం పని ప్లాన్ గీసే రోజే అయిపోతుంది. మనకు అసలు బాధ పడమటి ఎండతోనే. దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ వేస్తే చాలావరకు నీడ దొరుకుతుంది, మధ్యాహ్నం సూర్యుడు బాగా పైన ఉంటాడు కాబట్టి. సాయంత్రం నాలుగింటికి పడమర నుంచి అడ్డంగా కొట్టే ఎండను మాత్రం సన్‌షేడ్ ఆపలేదు. అందుకే మెట్లు, స్టోర్ రూమ్ పడమర పెట్టి, మనుషులు కూర్చునే గదులకు ఉత్తరం నుంచి వెలుతురు తీసుకోమంటాను. వాస్తు పేచీ వస్తుందేమోనని భయపడతారు గానీ, పడమరలో మెట్లంటే వాస్తు చెప్పేవాళ్ళు కూడా సాధారణంగా సరేనంటారు.

ఒక సంఘం వాళ్ళ స్థలానికి రోడ్డు పడమర వైపు ఉంది. ముందంతా అద్దాలే కావాలని ముచ్చటపడ్డారు. నేను గట్టిగా వద్దనలేకపోయాను. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి చూస్తే, గుమస్తా నూనె ప్యాకెట్ల అట్టపెట్టెలు విప్పదీసి అద్దాలకు లోపలి నుంచి టేపుతో అంటించి ఉన్నాడు. గది చీకటైపోయి పట్టపగలే ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఏసీ ఆగకుండా తిరుగుతోంది. ఆ తప్పు నాది. అప్పటి నుంచి పడమటి అద్దం మాటెత్తితే అక్కడే కూర్చుని వాదిస్తాను.

అపోహ: ఇవన్నీ విదేశాల్లో నడుస్తాయి, మన ఎండలకు కుదరవు.

వాస్తవం: హైదరాబాద్‌లో హైటెక్ సిటీ దగ్గర సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. కట్టించుకున్నది పరిశ్రమల వాళ్ళ సంఘమైన సీఐఐయే. 2003లో దానికి లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చింది. లీడ్ అంటే గ్రీన్ భవనాలకు ఇచ్చే అమెరికా రేటింగ్, ప్లాటినం అందులో అన్నిటికన్నా పై మెట్టు. అమెరికా బయట ఆ రేటింగ్ పొందిన తొలి భవనం అదే. 2004 జులైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. వెళ్ళి చూడండి. మధ్యలో ముంగిలి, గాలి ఆడే జాలీ గోడలు, లోపలికి వచ్చే గాలిని ముందే చల్లబరిచే గాలి గోపురాలు, కప్పు మీద పచ్చిక. ముంగిలి, జాలీ మన పాత ఇళ్ళలో ఉన్నవే.

అపోహ: ఫ్లై యాష్ ఇటుకలు బలంగా ఉండవు.

వాస్తవం: ఫ్లై యాష్ అంటే థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా వచ్చే మెత్తటి బూడిద. ఆ బూడిదది కాదు తప్పు, తొందరది. ఈ ఇటుకను బట్టీలో కాల్చరు, నీళ్ళతో తడిపి గట్టిపడనిస్తారు. రోజుల పాటు సరిగ్గా తడపకుండానే లారీ ఎక్కిస్తే గోడలో బీటలు వస్తాయి. దించుకునేటప్పుడు రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి చూడండి, ఖంగుమనాలి. అనుమానముంటే ల్యాబ్‌కి పంపండి. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం, రామగుండం లాంటి చోట్ల థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల బూడిద ఎంతైనా దొరుకుతుంది. ఎర్ర ఇటుక కోసం పొలాల పైమట్టి తవ్వడం నాకు మనసొప్పదు.

అపోహ: సోలార్ పెడితే బిల్లు సున్నా.

వాస్తవం: ఎండ బాగా ఉన్న రోజు పది కిలోవాట్ల సోలార్ సుమారు నలభై యూనిట్లు ఇస్తుంది. దానికి నీడ పడని టెర్రస్ దాదాపు వెయ్యి చదరపు అడుగులు కావాలి. ఇరవై టన్నుల ఏసీ ఉన్న హాల్లో ఒక్క రాత్రి ఫంక్షన్ జరిగితే వంద యూనిట్లు దాటిపోవచ్చు. నెట్ మీటరింగ్, అంటే మిగిలిన సోలార్ కరెంటును లైనుకు పంపి బిల్లులో తగ్గించుకోవడం, కొంత ఆదుకుంటుంది, కానీ ముందు తగ్గించాల్సింది వాడకం. సంఘం ఆఫీసు రోజూ తెరుస్తారు, హాలు నెలకు రెండు మూడు సార్లే. రెంటికీ ఏసీలు వేరు, మీటర్లు వేరు ఉండాలి. టెర్రస్ మీద సోలార్ లేని చోట తెల్ల మొజాయిక్ పరిపించండి. మే నెలలో కూడా మామూలు స్లాబ్‌కీ దానికీ తేడా అరికాలికి తెలుస్తుంది.

అపోహ: వాననీటికి ఒక ఇంకుడు గుంత తవ్వితే సరి.

వాస్తవం: ఐదు వేల చదరపు అడుగుల టెర్రస్ మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 23 వేల లీటర్లు. నల్లరేగడిలో అంత నీరు ఒక్కపూటలో ఇంకదు. అలాంటిచోట సంపు కట్టి, తొలి వాన మురికి బయటికి వదిలి, తర్వాతి నీళ్ళు పట్టుకోవాలి.

అపోహ: పాతది పడగొట్టి, బైపాస్ పక్కన విశాలంగా కడితేనే మంచిది.

వాస్తవం: నేను ఎక్కువగా గొడవపడేది ఇక్కడే. ఉన్న గోడల్లో సిమెంటు, ఇటుక, ఇనుము ఖర్చు ఎప్పుడో అయిపోయింది. పడగొడితే అదంతా మళ్ళీ మొదటి నుంచి. పైగా మార్కెట్లో ఉన్న ఆఫీసుకు సభ్యులు కొట్టు కట్టేసి నడిచి వస్తారు. బైపాస్‌కు మారిస్తే మీటింగ్‌కి తలా ఒక కారు.

పోయిన నెల ఒక సంఘం వాళ్ళు పడగొట్టడానికని నన్ను పిలిచారు. బజారు మధ్య పాత బిల్డింగ్. టేపు పెట్టి చూస్తే గోడ మందం పద్దెనిమిది అంగుళాలు. బయట రోడ్డు మీద నిలబడలేనంత ఎండ, లోపల ఫ్యాన్ కింద గంటసేపు మాట్లాడుకున్నాం. కార్యదర్శి గారు పడగొట్టే మాట పక్కనపెట్టి, "పైకప్పు ఆగుతుందాండీ?" అని అడిగారు. ఈ వారం పైకప్పు దిట్టం చూడటానికి స్ట్రక్చరల్ ఇంజనీర్ వస్తున్నాడు.