ముందు ఆ ఫొటోలు డిలీట్ చెయ్యడం ఆపండి

కావలి

చిరంజీవులు పెద్దోడికీ, చిన్నదానికీ అమ్మమ్మ ఆశీస్సులు.

కంప్యూటర్‌లో ‘మెమరీ’ ఎర్రర్ వస్తోందని మీ నాన్న ఒక్కొక్క ఫోల్డరూ తెరిచి తిరుమల ఫొటోలు, పుట్టినరోజు వీడియోలు తీసేస్తున్నారట. నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెబితే గుండె గుభేల్మంది. ముందు ఆ పని ఆపించండి. ఆ ఫొటోలకీ ఈ ఎర్రర్‌కీ దాదాపు సంబంధం లేదు. దాదాపు అని ఎందుకన్నానో కాసేపట్లో చెప్తాను.

ఫొటోలు ఉండేది డిస్కులో. కరెంటు పోయినా అవి ఎక్కడికీ పోవు. ఎర్రర్ మాట్లాడుతున్నది ర్యామ్ గురించి. మీరు గేమ్ తెరిచినా, హోంవర్క్ ఫైలు తెరిచినా దానికి కావలసింది డిస్కులోంచి ర్యామ్‌లోకి వస్తుంది, ప్రాసెసర్ అక్కడ దాంతో పని చేస్తుంది. కరెంటు పోతే ర్యామ్‌లో ఏమీ మిగలదు. అంతెందుకు, కరెంటు ఉన్నా దాన్ని ఊరికే వదిలేస్తే మిగలదు. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ, అంటే ఒక్కో సున్నా లేదా ఒకటి, అతి చిన్న కెపాసిటర్‌లో ఛార్జీగా ఉంటుంది. ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది. పోసింది కారిపోతూనే ఉంటుంది, మళ్లీ పోస్తూనే ఉండాలి. మీ కంప్యూటర్‌లో ఉన్న డీడీఆర్4 రకంలో ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి మొత్తం బిట్లన్నిటినీ చదివి మళ్లీ నింపుతారు, అంటే సెకనుకు దాదాపు పదిహేనుసార్లు. 4 జీబీ ర్యామ్ ముక్కలో ఉండే బిట్లు 3,435 కోట్ల పైచిలుకు. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్‌కు ఈ ఆలోచన 1966లో వచ్చింది, 1968లో పేటెంట్ వచ్చింది. అన్ని కోట్ల చిల్లుకుండలు రోజూ తప్పు లేకుండా పని చేస్తున్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వాటిలో ఒక్కటి మొరాయించినా చాలు, మీ గేమ్ మధ్యలో తెర నీలంగా మారిపోవచ్చు.

ఇప్పుడు ఎర్రర్ సంగతి. పెద్దోడా, నువ్వు ‘మెమరీ ఎర్రర్’ అని ఒక్క ముక్కలో చెప్పావు గానీ, మీ అమ్మ పంపిన ఫొటోలు చూస్తే మూడు రకాలు కనిపించాయి. మూడింటికీ మందు వేరు.

మొదటిది చోటు చాలక వచ్చేది. కంప్యూటర్‌లో మెమరీ తక్కువైంది, ప్రోగ్రాములు మూసేయండి అని అడుగుతుంది. ఇది జబ్బు కాదు, ఇరుకు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ అన్న గడి పేరు మీద నొక్కండి, ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్ పైకొస్తుంది. చాలా ఇళ్లలో అది బ్రౌజరే. చిన్నదానికి ముప్పై ట్యాబులు తెరిచిపెట్టే అలవాటు ఉందని నాకు తెలుసు. ఏమీ చెయ్యకుండా కూర్చున్నా ఒక ప్రోగ్రామ్ వాటా గంటగంటకీ పెరుగుతూ పోతుంటే, అది తీసుకున్న చోటు తిరిగి ఇవ్వడం లేదన్నమాట. దాన్ని మూసి తెరవండి. మళ్లీ అలాగే చేస్తే అప్‌డేట్ చెయ్యండి, లేదా తీసిపారెయ్యండి.

‘దాదాపు’ ఇక్కడే పనికొస్తుంది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకును డిస్కులో పేజ్ ఫైల్ అనే చోట పెడుతుంది. అది మామూలుగా సీ డ్రైవ్‌లో ఉంటుంది. సీ డ్రైవ్ అంచుల దాకా నిండిపోతే పేజ్ ఫైల్ పెరగలేదు, అప్పుడు ఈ ఇరుకు ఎర్రర్ వస్తుంది. మీ ఫొటోలున్నది డీ డ్రైవ్‌లో. అవి ఎన్ని తీసినా దీనికి పైసా లాభం లేదు. సీ డ్రైవ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చెయ్యండి, అది చాలు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని పేజ్ ఫైల్‌ను మాత్రం ఆపెయ్యకండి.

రెండో రకం పెద్దోడు భయపడిన తెల్ల పెట్టె. ఫలానా చిరునామాలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్ ఫలానా చిరునామాలోని మెమరీని అడిగింది, మెమరీ ‘కుడ్ నాట్ బి రెడ్’ అని ఉంటుంది, పక్కన సున్నాలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి అంకెలు. దాన్ని చూసి ర్యామ్ కాలిపోయిందని తేల్చేశావు. ప్రతి ప్రోగ్రామ్‌కూ విండోస్ కొంత చోటు కేటాయిస్తుంది. ప్రోగ్రామ్ తనది కాని చోట చెయ్యి పెడితే విండోస్ దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది, లేకపోతే పక్క ప్రోగ్రామ్ సరుకు పాడవుతుంది. రెండో చిరునామా అన్నీ సున్నాలో, దాదాపు అన్నీ సున్నాలో అయితే, ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఖాళీగా వదిలేసిన చిరునామాను అది పట్టుకుందని అర్థం. అది ఎక్కువగా ప్రోగ్రామ్‌లో లోపమే. ఒకే గేమ్‌లో, అదే చోట, ప్రతిసారీ వస్తుంటే ర్యామ్ జోలికి పోకండి. ఆ గేమ్‌ను తీసేసి మళ్లీ వెయ్యండి, గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది పెట్టండి. డ్రైవర్ అంటే ఒక్కో పరికరాన్ని నడపడానికి విండోస్ వాడే చిన్న ప్రోగ్రామ్. బాగా పాత గేమ్ అయితే ఇంకో సంగతి ఉంది. 32 బిట్ ప్రోగ్రామ్‌కు విండోస్ మామూలుగా 2 జీబీ కన్నా ఎక్కువ ఇవ్వదు. మీరు 32 జీబీ కొని పెట్టినా దానికి అందేది అంతే.

మూడోది నీలం తెర. దీని దగ్గర కాస్త నిదానంగా కూర్చుందాం, ఎందుకంటే మీ ఇంట్లో అసలు గొడవ ఇదే.

నీలం తెర మీద కింద స్టాప్ కోడ్ అని ఒక పేరు ఉంటుంది. మీరు పంపిన వాటిలో ఒకదానిలో ‘మెమరీ మేనేజ్‌మెంట్’, ఇంకోదానిలో ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’, మూడోదానిలో ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ ఉన్నాయి. ఈ పేర్లు కంప్యూటర్ ఎక్కడ పడిందో చెబుతాయి, ఎవరు తోశారో చెప్పవు. తప్పుడు డ్రైవర్ వల్ల కూడా ఈ మూడూ వస్తాయి. కాబట్టి పేరు పట్టుకుని వేలాడకండి, వరస చూడండి. ప్రతిసారీ అదే పేరు, కింద అదే డ్రైవర్ ఫైలు పేరు కనిపిస్తే నా అనుమానం ముందు డ్రైవర్ మీదికే పోతుంది. ఒకరోజు ఒక పేరు, మర్నాడు ఇంకోటి, ఒకసారి గేమ్‌లో, ఇంకోసారి ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు, ఇలా పొంతన లేకుండా వస్తుంటే ర్యామ్ మీదికి పోతుంది. మీది రెండో వరస.

ఎప్పటినుంచి అని అడిగితే చిన్నది టక్కున చెప్పింది, ‘అన్న ఫ్రెండ్ దగ్గర పాత ర్యామ్ కొని పెట్టినప్పటినుంచీ’ అని. అన్న మీద చాడీ అయినా పనికొచ్చే చాడీ. రెండు ర్యామ్ ముక్కల స్పీడు వేరైతే మదర్‌బోర్డు రెండింటినీ తక్కువ స్పీడులోనే నడుపుతుంది. ఎక్కువసార్లు ఇబ్బంది రాదు, కొన్ని జతలు మాత్రం పొసగవు. అందులోనూ బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ అని ఒకటుంటుంది, ర్యామ్‌ను మామూలు కన్నా ఎక్కువ స్పీడులో నడిపే అమరిక. మీవాడు దాన్ని ఆన్ చేసే ఉంటాడు. ఆఫ్ చేసి ఒకరోజు చూడండి. నీలం తెర ఆగిపోతే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పని అయిపోయినట్టే.

ఆగకపోతే పరీక్ష పెట్టాలి. స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని కొడితే వస్తుంది, రీస్టార్ట్ అడుగుతుంది. పరీక్ష మొదలవగానే ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకుని ఎఫ్10 నొక్కండి. చాలాసేపు పడుతుంది. దాంట్లో తప్పు దొరికితే నమ్మండి. దొరకకపోతే మాత్రం ర్యామ్ బాగుందని తీర్పు ఇచ్చెయ్యకండి, దాని చూపు అంత నిశితం కాదు. నేనైతే మెమ్‌టెస్ట్86 ప్లస్ వాడతాను. ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాంతోనే కంప్యూటర్ ఆన్ చెయ్యాలి. వేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, మీ అమ్మ ఆఫీసు పెన్‌డ్రైవ్ మాత్రం తీసుకోకండి. రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి పొద్దున చూడండి. ఎర్ర గీతలు కనిపిస్తే అవి తప్పులు. ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టక్కర్లేదు, ఒక్కటి వచ్చినా పాస్ కానట్టే. ఈ ఎండల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి యూపీఎస్ మీదే పెట్టండి.

తప్పు వచ్చిందంటే ఏ ముక్కదో తేల్చాలి. ఇక్కడ పెద్దవాళ్లు ఒకరు పక్కనుండాలి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ పక్క రేకు తీసి, లోపలి పెయింట్ లేని ఇనుప చట్రాన్ని చేత్తో తాకండి. మన ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు చిప్పులకు పడదు. ర్యామ్ స్లాటు చివర ఉన్న గొళ్లెం కిందికి నొక్కితే ముక్క తనంతట తానే పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని నిటారుగా తియ్యండి, కింది బంగారు గళ్ల మీద వేళ్లు పెట్టొద్దు.

ఆ గళ్లను దగ్గరగా చూడండి. మీది చీమకుర్తి. మీ ఊరి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ రాయి దేశాలు దాటి పోతుంది, దాన్ని కోసిన దుమ్ము మాత్రం మీ కిటికీల్లోనే ఉంటుంది. గళ్ల మీద బూడిదరంగు పొర కనిపించిందంటే స్లాటులో మొనలు సరిగ్గా తగలడం లేదేమోనని అనుమానించాలి. రిపేర్ షాపులో కుర్రాళ్లు రబ్బరుతో రుద్దడం మీరు చూసే ఉంటారు. మెత్తటి తెల్ల రబ్బరు అయితే పర్లేదు, మెల్లిగా, ఒకే వైపుకు, ఆ పొట్టు స్లాటులో పడకుండా దూరంగా కూర్చుని. గట్టిగా గీకితే ఆ పల్చటి బంగారు పూతే పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే దాంతో తడిపిన మెత్తటి గుడ్డ ఇంకా మంచిది. స్లాటులోకి నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకుని, క్యాబినెట్‌ను వరండాలో పెట్టి కొట్టండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, దుమ్ము పట్టిన ఫ్యానుతో ఆ ఎండలో పెట్టె లోపల ఎలా ఉంటుందో ఆలోచించండి. వేడి పెరిగేకొద్దీ నేను చెప్పిన ఛార్జీ ఇంకా తొందరగా కారిపోతుంది. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే నింపే వేగం రెట్టింపు చెయ్యాల్సి వస్తుంది.

తిరిగి పెట్టేటప్పుడు ముక్క కింద ఉన్న గాటు స్లాటులోని గట్టుకు సరిపోవాలి. సరిపోకపోతే బలం చూపించకండి, తిప్పి పెట్టి చూడండి. డీడీఆర్3, డీడీఆర్4 గాట్లు వేరువేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు. రెండు చివరలా సమంగా నొక్కితే టక్ అని వినిపిస్తుంది.

ముందు మొదటినుంచీ ఉన్న ముక్క ఒక్కటే పెట్టి పరీక్ష. తర్వాత ఫ్రెండ్ దగ్గర కొన్నది ఒక్కటే, అదే స్లాటులో. ఆ తర్వాత స్లాటు మార్చి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది నోటుబుక్కులో రాయాలి. రాసే పని చిన్నదానికి ఇవ్వండి, పెద్దోడికి ఇస్తే ‘గుర్తుంది లే’ అంటాడు. తప్పు ముక్కతో పాటు తిరుగుతుంటే ముక్క పాడైంది. ఏ ముక్క పెట్టినా అదే స్లాటులో తప్పు వస్తుంటే స్లాటు. రెండు ముక్కలూ, రెండు స్లాట్లూ అన్నిచోట్లా తప్పులే అయితే పవర్ సప్లయ్ కావచ్చు, బోర్డు కావచ్చు, ఇక మన చేతిలో పని కాదు. ఒంగోలు తీసుకెళ్లండి. షాపతను చూడగానే విండోస్ మళ్లీ వెయ్యాలంటే, ముందు మెమరీ పరీక్ష పెట్టమని మర్యాదగా అడగండి, మీ నోటుబుక్కు చూపించండి.

విండోస్ వెయ్యొద్దని ఎందుకంటున్నానంటే, డిస్కులోకి పోయే ప్రతి ఫైలూ ర్యామ్ మీదుగానే పోతుంది. ర్యామ్‌లో ఒక బిట్టు మారితే మారిన ఫైలే డిస్కులో పడుతుంది, ఎవరికీ తెలియదు కూడా. ఫొటోల విషయంలో నాకు అసలు భయం ఇదే. కంగారులో మీ నాన్న వాటిని ఇప్పుడే వేరే హార్డ్‌డిస్కుకి మార్చబోతారేమో. అనుమానం ఉన్న ముక్క తీసేసి, మిగిలినది పరీక్షలో పాసయ్యాకే కాపీ చెయ్యమనండి. అప్పటిదాకా వాటిని కదపొద్దు.

మీకు నచ్చే సంగతి ఒకటి చెప్తాను. 2003లో బెల్జియంలో బ్రస్సెల్స్ ప్రాంతంలోని స్కార్‌బేక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ జరిగితే ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఆ ఓట్లు వచ్చే వీలే లేదని లెక్కలో దొరికిపోయింది. పెద్దోడా, 4,096 అంటే 2ను పన్నెండుసార్లు హెచ్చవేస్తే వచ్చేది. సరిగ్గా ఒక్క బిట్టు సున్నా నుంచి ఒకటి అయితే అంతే పెరుగుతుంది. యంత్రంలో లోపం ఏమీ దొరకలేదు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల బిట్టు మారి ఉండొచ్చన్నారు గానీ రుజువు కాలేదు. బ్యాంకుల్లాంటి చోట్ల సర్వర్లలో ఇలాంటి తప్పును పట్టుకుని సరిచేసే ఈసీసీ ర్యామ్ వాడతారు. మన ఇళ్లలో మామూలుగా అది ఉండదు. కాబట్టి ఏడాదికోసారి నీలం తెర వస్తే పట్టించుకోకండి, రీస్టార్ట్ చేసి ఆడుకోండి. వారంలో మూడుసార్లు వస్తే దానికి అంతరిక్షం బాధ్యత లేదు.

ఫ్రెండ్ దగ్గర కొన్న ముక్కే పాడైందని తేలితే అతనితో పోట్లాడకు. అతనికీ తెలిసి ఉండకపోవచ్చు. ఈసారి బిల్లు ఇచ్చే షాపులో కొందాం. ముక్క మీద స్టిక్కరు పీకకండి, వారంటీ దాంట్లోనే చూస్తారు. నాకు చెన్నై వెళ్లే పని పడేట్టుంది, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో తెమ్మన్నా తెస్తాను. దానికి మొదటినుంచీ ఉన్న ముక్క మీది అక్షరాలన్నీ కనిపించేలా ఫొటో పంపండి. నీలం తెర వచ్చినప్పుడూ తెర మొత్తం వచ్చేలా తియ్యండి, చిన్నది పంపిన ఫొటోలో సగం దాని బొటనవేలే ఉంది.

రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యండి, అప్పటికి నా పనులు అయిపోయి ఉంటాయి.

మీ అమ్మమ్మ